ఇంటికొకరు చాలు

“వీపు మీద అక్షరాలని బ్రష్షుతో రుద్దకు, ఊడొస్తాయి. ఎండలో కూడా ఆరెయ్యొద్దన్నారు,” అన్నారు మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నేను బాత్రూం గచ్చు మీద చతికిలబడి ఆరెంజి రంగు జాకెట్లు ఉతుకుతున్నాను. చేతుల్లేని జాకెట్లు, ముందువైపు మెరిసే పట్టీలు, వెనక ‘మన వీధి మన శుభ్రత’ అన్న అక్షరాలు. వీధుల్లో చెత్త ఏరే జనానికి మున్సిపాలిటీ వాళ్ళు ఉచితంగా ఇచ్చారు. ఆదివారం పొద్దున మా వీధి మగవాళ్ళు అవి తొడుక్కుని, మూల మలుపు దాకా ఏరి, ఫొటో దిగి, చెమటతో సహా మా వరండాలో కుప్పపోసి వెళ్తారు. సోమవారం నేను ఉద్యోగానికి బయల్దేరేలోపు ఉతికి నీడపట్టున ఆరెయ్యాలి. నీడంటే ఇంట్లోనే కదా. కుర్చీల వీపులకీ తలుపు రెక్కలకీ తగిలిస్తాను. సోమవారాలు మా ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా ఎవరో పెద్దమనిషి అటు తిరిగి కూర్చున్నట్టే ఉంటుంది. మొన్నొకసారి మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకోకుండా వచ్చి ఒక జాకెట్‌ని “ఎవరు బాబూ?” అని కూడా అడిగారు. నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు.

ఈ చెత్త ఏరే పని మొదలుపెట్టింది నేను. మున్సిపాలిటీ సాయం అడిగిందీ నేనే. ఆ సాయమే నా కొంప ముంచింది. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇలా సబ్బు నురగతో చెప్పుకుంటున్నాను.

నేను రక్తపరీక్షల ల్యాబులో బిల్లు కౌంటర్లో పనిచేస్తాను. “ఏమీ తినకుండా వచ్చారా?” అని వచ్చిన ప్రతివాళ్ళనీ అడగడం నా ఉద్యోగం. నన్నెవరైనా ఆ మాట అడిగితే చాలా పొద్దుటి పూటలు అవుననే చెప్పాల్సొచ్చేది. అక్కడ ఊడ్చే ఆయా రాకపోతే టెక్నీషియన్లందరూ కలిసి నా వైపు చూస్తారు. అడగరు, చూస్తారంతే. మా డాక్టరుగారు మంచాయన, “అమ్మా, మీరున్నారు కాబట్టి ల్యాబు ఇల్లులా ఉంటుంది,” అంటారు. ఇల్లెలా ఉంటుందో ఆయనకి తెలిసినట్టు లేదు. మా అమ్మాయి హాస్టల్లో చదువుతోంది కాబట్టి ఇంట్లో ఉండేది నేనూ, మా ఆయనా, అత్తగారే. ముగ్గురికి పనేముంటుంది అంటారు చుట్టాలు. ఆదివారం వస్తే ఆ ముగ్గురి పనీ, వారమంతా మిగిలిపోయిన పనీ, వచ్చిపోయే వాళ్ళ పనీ కలిసి నా మీద పడేది.

ఒక ఆదివారం పాలు అయిపోతే నేనే దుకాణానికి వెళ్ళాను. పొద్దున్నే గాలి చల్లగా ఉంది. ప్యాకెట్టు పట్టుకుని, వచ్చిన దారినే కాక, పక్క సందులోంచి చుట్టు తిరిగి వచ్చాను. అంతే చేసిన ఘనకార్యం. మా వీధిలో మేడ మీద కూర్చుని పొద్దస్తమానం పేపరు చదివే పెద్దాయన ఒకరున్నారు. మేమంతా పేపర్ తాతగారు అంటాం. ఆయన “ఏమ్మా, ఇటు నించి వస్తున్నావ్?” అన్నారు. నేను ఇంటికొచ్చి పాలు స్టవ్ మీద పెట్టేలోపే ఆ వార్త అత్తగారి చెవిన పడింది. “పాలకి అటెందుకెళ్ళావ్ అమ్మాయ్?” అని అడిగారు. కోపంగా కూడా అడగలేదు. లెక్క తేలక అడిగారు. ఆడది రోడ్డు మీద కనిపిస్తే ఎక్కడికో వెళ్తూనైనా ఉండాలి, ఎక్కణ్ణించో వస్తూనైనా ఉండాలి. మధ్యలో ఉండకూడదు. మా ఆయన రోజూ సాయంత్రం టీకొట్టు దగ్గర గంటల తరబడి నిలబడతారు, ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

ఆ మరుసటి వారం గేటు ముందు ఎవరో తిని పారేసిన కవర్లు గాలికి లేస్తుంటే ఒళ్ళు మండి, వంటింటి పట్టకారూ ఖాళీ గోనెసంచీ తెచ్చి ఏరడం మొదలుపెట్టాను. మా గేటు ముందు అయిపోయింది. పక్కింటి గేటు ముందు ఉంది. అదీ అయింది. అలా ఏరుకుంటూ పేపర్ తాతగారి మేడ కిందికి వచ్చేశాను. తల ఎత్తకుండా ఏరుతున్నాను. ఆయన పేపరు దించి చూసి, “అదిగో, ఆ స్తంభం పక్కన కూడా ఉందమ్మా,” అన్నారు. ఎక్కడికి అని అడగలేదు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకో వీధి దాటాను. ఎవరూ అడగలేదు. చేతిలో చెత్త సంచీ ఉన్న ఆడదాన్ని చూసి జనం పక్కకి తప్పుకుంటారు తప్ప ప్రశ్నలు వెయ్యరని ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలీకుండా ఎలా బతికానా అనిపించింది.

అలా అలా కాలవ గట్టు దాకా వెళ్ళిపోయాను. అక్కడ ఎప్పుడో మూతపడిన పంపుహౌస్ ఉంది. దాని వెనక నీళ్ళలోకి దిగే సిమెంటు మెట్లు. పై మెట్టు మీద సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఏం చేశావంటే చెప్పడానికేం లేదు. నీళ్ళలో ఒక చెప్పు కొట్టుకుపోతుంటే చూశాను. అది ఎడమకాలిదా, కుడికాలిదా అని కాసేపు ఆలోచించాను. ఇంట్లో నా బుర్రలో ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కుక్కరు ఎన్ని కూతలేసింది, అత్తయ్య బీపీ మాత్ర వేసుకున్నారా, ఆయన నీలం చొక్కాకి గుండీ కుట్టానా, గ్యాసు ఇవాళ వస్తాడా, వస్తే ఇంట్లో చిల్లర ఉందా. నిద్రలో కూడా అవి తిరుగుతూనే ఉంటాయి. ఆ మెట్టు మీద అవేవీ లేవు. ఆ చెప్పు ఒక్కటే ఉంది. ఎంత హాయిగా అనిపించిందంటే, కాసేపయ్యాక భయమేసింది. ఇంత హాయి దొంగతనం చేస్తే తప్ప దొరకదు కదా అని. గబగబా లేచి, గట్టు మీద నాలుగు సీసాలు సంచీలో వేసుకుని ఇంటికొచ్చాను.

“మున్సిపాలిటీలో ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?” అన్నారు మా ఆయన. వాళ్ళ తమ్ముడితో ఫోన్లో కూడా చెప్పి నవ్వారు. “మీ వదినకి వీధులూడ్చే పిచ్చి పట్టిందిరా.” అత్తగారైతే, “చీపురు మనింట్లో కూడా ఉందమ్మాయ్,” అన్నారు. అననీ అనుకున్నాను. నలుగురూ నవ్విపోయే పనిలో ఎవరూ వాటా అడగరు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. ముందే వంట సగం చేసిపెట్టి, స్నానానికి నీళ్ళు పెట్టి, అందరికీ కాఫీలిచ్చి వెళ్ళేదాన్ని. అంటే నా హాయికి ముందే అద్దె కట్టి వెళ్ళేదాన్నన్నమాట.

కొన్నాళ్ళకి మా వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ, “అక్కా, నేనూ రానా?” అంది. భర్త పోయాక ఒక్కతే మిషను పెట్టుకుని బతుకుతోంది. తర్వాత చివరింటి కోడలు వచ్చింది, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. తర్వాత ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ. నేనొక పద్ధతి పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కో వీధి. ఎవరి వీధి వాళ్ళది, ఒకరి వీధిలోకి ఒకరు రాకూడదు. పని త్వరగా అవుతుందని చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒకసారి బడి గోడ మీద కూర్చుని టైలరమ్మ ఫోన్లో ఎవరితోనో పకపకా నవ్వుతూ కనిపించింది. ఇంకోసారి చివరింటి కోడలు పార్కు గేటుకి ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది, సంచీ కాళ్ళ దగ్గర ఖాళీగా పడి ఉంది. నేను తల వంచుకుని వెళ్ళిపోయాను. చెత్త ఏరేవాళ్ళవి ఎటూ నేలచూపులే కదా. చివర్లో అందరం మూల మీద కలిసి సంచులు ఒక చోట పెట్టేవాళ్ళం. “అబ్బ, ఎంత చెత్తో,” అనుకునేవాళ్ళం. ఎవరం ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు. నాకు అంతకన్నా మంచి స్నేహాలు ఎప్పుడూ లేవు.

ఇలా ఉండగా టైలరమ్మ చేతికి గాజుపెంకు దిగింది. బొటనవేలి పక్కన బాగా తెగింది. ఆ చెయ్యి లేకపోతే ఆమెకి పూట గడవదు. నేను పిలిస్తే కాదు, తనంతట తానే వచ్చింది, అయినా నాకు తప్పు చేసినట్టే ఉంది. మర్నాడు ల్యాబులో గంట సెలవడిగి వార్డు ఆఫీసుకి వెళ్ళాను. గ్లౌజులు ఇప్పించమని అడగడానికి, అంతే. అక్కడి శానిటరీ ఇన్‌స్పెక్టరు నా మాటలు విని ఎంత సంతోషించారో. “మేడం, మీలాంటివాళ్ళ కోసమే స్కీము పెట్టి కూర్చున్నాం, అడిగేవాళ్ళే లేరు,” అన్నారు. గ్లౌజులేమిటి, వంగకుండా ఏరే పొడుగు పట్టకర్రలు, సంచులు, జాకెట్లు, సంచులు తీసుకెళ్ళడానికి బండి, అన్నీ ఇస్తామన్నారు. నా ఫోను నంబరు రాయించుకున్నారు. తీరా ఫోను మాత్రం మా ఆయనకి చేశారు. ఇంటిపన్ను కాగితంలో ఉన్నది ఆ నంబరేనట.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన వీధి మగవాళ్ళతో వరండాలో మీటింగు పెట్టేశారు. నన్ను చూసి, “మనవాళ్ళకి టీ పెట్టు,” అన్నారు. ఆ తర్వాత నాకు తెలిసిన సంగతులు టీ గ్లాసులు అందిస్తూ తెలిశాయి. కొత్తగా పెట్టిన వీధి సంఘానికి కన్వీనరు ఆయన. మున్సిపాలిటీ నియమాలు కొన్ని ఉన్నాయి. అందరూ కలిసి వరసలో నడవాలి, ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. నీళ్ళున్న చోట్లకి అసలు పోకూడదు, పడితే ఎవరు జవాబుదారీ? జాకెట్లు కొన్నే ఇచ్చారు కాబట్టి ఇంటికొకరు చాలు. “ఇంటికొకరు చాలు,” అని మా ఆయన అంటే అందరూ తలలూపారు. ఆ ఒకరు ఎవరో ఎవరూ అడగలేదు, అడగాల్సిన సంగతి అని వాళ్ళకి తోచలేదు. చివరింటి కోడలి బదులు వాళ్ళ మామగారు వచ్చారు. నర్సమ్మ బదులు వాళ్ళ ఆయన. నా బదులు మా ఆయన. “ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ కష్టపడ్డారు, ఇక వాళ్ళకి విశ్రాంతి,” అన్నారు నర్సమ్మ వాళ్ళాయన, నేనిచ్చిన టీ తాగుతూ. టైలరమ్మ ఒక్కతే మిగిలింది, ఆమె ఇంట్లో మగవాడు లేడు గనక. ఇప్పుడు జాకెట్ తొడుక్కుని మగవాళ్ళ వరసకి చివర నడుస్తుంది. ఫోను ఇంట్లోనే వదిలేసి వస్తుంది.

చివరింటి కోడలు ఒకరోజు ల్యాబుకొచ్చింది, ఏదో పరీక్షకి. “ఏమీ తినకుండా వచ్చావా?” అన్నాను అలవాటుగా. అవునంది. బిల్లు తీసుకుంటూ కౌంటరు మీదికి వంగి, “ఆంటీ, మళ్ళీ మన పాత పద్ధతే పెట్టకూడదా?” అంది మెల్లగా. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. మా ఆయన చెడ్డవారా అంటే కాదు. చెడ్డవారైతే నాకింత ఇబ్బంది లేదు, తిట్టుకునైనా బతికేదాన్ని. నా దగ్గర్నించి ఏదో లాక్కున్నానని ఆయనకి తెలియను కూడా తెలియదు. నాకేం పోయిందో ఎలా చెప్పను? నా ఆదివారం పోయిందండీ అంటే, నీకు విశ్రాంతి దొరికిందిగా అంటారు. కాలవ గట్టు పోయిందంటే, అక్కడ నీకేం పని అంటారు. నాకక్కడ పనేం లేదు. పనేం లేకపోవడమే కావాలి నాకు.

మొన్న కాక అవతలి శనివారం సాయంత్రం ఇన్‌స్పెక్టరు మా ఇంటికొచ్చారు. అత్తగారు దివాను మీద కూర్చుని ఉన్నారు. నేను టీ, బిస్కెట్లు పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పై అధికారులు చూడ్డానికి వస్తున్నారట. వీధులు బాగానే ఉన్నాయి గానీ కాలవ గట్టు చెత్తతో నిండిపోయిందట. “విచిత్రమేమిటంటే సార్, పోయినేడాది ఆ గట్టు అద్దంలా ఉండేది. ఎవరు చేసేవారో మాకూ తెలీదు,” అన్నారు.

“ఇంకెవరు, మా ఆవిడే,” అన్నారు మా ఆయన. ఆ గొంతులో గర్వం నిజమైనదే. “పిచ్చి పట్టినట్టు అంత దూరం వెళ్ళేది.”

“అయితే మేడం కోసం ప్రత్యేకంగా పర్మిషన్ రాయిస్తాను. కాకపోతే ఒంటరిగా కుదరదు, ఎవరైనా తోడుండాలి.”

నాకు ఒక్క క్షణం ఊపిరాడింది. ఆ క్షణమే.

“తోడుకేం, నేను లేనూ?” అన్నారు మా ఆయన. నా వైపు తిరిగి నవ్వారు కూడా. “ప్రతి ఆదివారం ఇద్దరం కలిసి వెళ్దాం. ఆదివారాలు నాతో గడపరు, గడపరు అని ఒకప్పుడు సాధించేదానివిగా. ఇప్పుడు తీరింది.”

నిజమే, సాధించేదాన్ని. కొత్తలో ఆ మాట అంటే చాలు ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు ఆయన ప్రేమగానే అన్నారు, కాదనడానికి దారి లేకుండా. మెట్టు మీద ఆయన నా పక్కన కూర్చుంటారు. టీ ఫ్లాస్కు తెచ్చావా అంటారు. ఆఫీసులో మేనేజరు గురించి చెప్తారు. ఇక ఆ చోటు కూడా మా హాలే. ఇవాళ ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవాల్సిందే అనిపించింది.

“వద్దండీ,” అన్నాను.

“ఎందుకు వద్దు?”

“నేనక్కడ ఏరింది కొంచెమే. కూర్చున్నదే ఎక్కువ.”

ఇన్‌స్పెక్టరు బిస్కెట్టు చేతిలో పట్టుకుని నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశారు. “కూర్చోవడమేమిటి?” అన్నారు మా ఆయన.

“ఊరికే కూర్చున్నాను. ఒక్కదాన్నే కూర్చోవాలని సంచీ పట్టుకుని వెళ్ళేదాన్ని. సంచీ లేకపోతే అందరూ అడుగుతారని.”

ఇన్‌స్పెక్టరు ఏదో పనున్నట్టు లేచారు. పాపం, టీ కూడా సగం వదిలేశారు. గేటు చప్పుడయ్యాక మా ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. పరువు తీశావంటారనుకున్నాను. అనలేదు. గొంతు బాగా తగ్గించి, “ఎవరితో కూర్చునేదానివి?” అన్నారు.

ఇన్నేళ్ళు కాపురం చేశాక అడగవలసిన మాటేనా అది. కోపానికే కళ్ళనీళ్ళొచ్చాయి. అవి చూసి ఆయన ఇంకేదో అనుకుని ఉంటారు. “ఎవరూ ఉండకూడదనే వెళ్ళేదాన్ని,” అన్నాను. ఆయన నమ్మలేదు. ఆడది ఒక్కతే ఉండటానికి ఇల్లు దాటి వెళ్ళిందంటే నమ్మేకన్నా, ఎవరి కోసమో వెళ్ళిందంటే నమ్మడం ఆయనకి తేలిక. ఆ వారమంతా నా ఫోను మోగితే టీవీ సౌండు తగ్గించారు. ల్యాబు నించి వచ్చేటప్పుడు రెండుసార్లు టీకొట్టు దగ్గర కాక మా సందు మొదట్లో నిలబడి కనిపించారు. అన్నం పెడితే తిన్నారు, చొక్కా ఇస్తే వేసుకున్నారు, జాకెట్ల సంగతి తప్ప మాట లేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అత్తగారి మౌనం. ప్రతిదానికీ ఒక మాట అనే మనిషి, ఇంత జరిగాక ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు.

నిన్న ఆదివారం. మా ఆయన జాకెట్ తొడుక్కుని వరసతో వెళ్ళారు. వెళ్తూ వెనక్కి తిరిగి ఒకసారి గేటు వైపు చూశారు. నేను వంటింట్లో నిలబడి చాలాసేపు ఆలోచించాను. వెళ్తే అనుమానం గట్టిపడుతుంది. వెళ్ళకపోతే, చూశావా, పట్టుబడింది గనక మానేసింది అనుకుంటారు. ఏం చేసినా ఒకటే అయినప్పుడు నాకు ఇష్టమైనదే చేస్తే పోలా అనిపించింది. స్టవ్ మీద పప్పు ఇంకా ఉడకలేదు. జీవితంలో మొదటిసారి పని సగంలో వదిలేసి చెప్పులేసుకున్నాను. సంచీ తీసుకోలేదు.

“అమ్మాయ్,” అన్నారు అత్తగారు. హాల్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేను గుమ్మంలో ఆగిపోయాను. కొడుకు వెళ్ళేదాకా ఆగి ఇప్పుడు అడుగుతారు కాబోలు, అడిగితే ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

“అక్కడ ఎండ తగులుతుందా?” అన్నారు.

“తగలదు అత్తయ్యా. పంపుహౌస్ గోడ నీడ ఉంటుంది.”

“ఎవరైనా వచ్చి పలకరిస్తారా?”

“ఎవరూ రారు.”

ఆవిడ చిక్కుడుకాయలు పక్కకి జరిపారు. ఈ ఊరికి కాపురానికొచ్చి, ఈ ఇంట్లోనే ముసలైపోయిన మనిషి. ఆ కాలవ ఆవిడ ఎప్పుడైనా చూశారో లేదో నాకు తెలీదు. చూశారా అని నేనెప్పుడూ అడగలేదు. “నాకూ వెళ్ళి కూర్చోవాలనుంది,” అన్నారు, మందుబిళ్ళలు తెమ్మన్నంత మామూలుగా.

నిజం చెప్పాలంటే ముందు నాకు కలిగింది జాలి కాదు, బెంగ. ఆవిణ్ణి తీసుకెళ్తే చెయ్యి పట్టుకుని నడిపించాలి, మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళాలి, కాళ్ళు లాగుతున్నాయంటే లేచి రావాలి. అక్కడా నేను కోడల్నే. మీకెందుకత్తయ్యా, ఇంట్లో ఉండండి అందామని నోటిదాకా వచ్చింది. అది మా వరండాలో టీ తాగుతూ మగవాళ్ళు అన్న మాటే అని తోచి నాలిక్కరుచుకున్నాను.

“మీరు రేపు వెళ్ళండి అత్తయ్యా. ఇవాళ నేను వెళ్తాను,” అన్నాను. “కలిసి వద్దు. ఒక్కరే వెళ్ళండి.”

ఆవిడ ఒళ్ళో ఈనెలు దులుపుకున్నారు. లేచి వంటింట్లోకి నడిచి పప్పు గిన్నె మీద మూత తీసి చూశారు. అక్కణ్ణించే అడిగారు, “రేపు ఎన్నింటికి వెళ్ళమంటావ్?”

“మీ ఇష్టం, అత్తయ్యా.”